బానెట్ ఎత్తితే: చక్రం తిరిగిందా, ఇంజన్ ఆగిందా?

వానలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో ఫోర్ బై ఫోర్ బండ్లవాళ్లకు ఇంట్లో కాలు నిలవదు. చేవెళ్ల దాటితే నల్లరేగడి, రాచకొండ వైపు వెళితే బండరాళ్లు. ఆదివారం చీకటితోనే బయల్దేరతారు, సాయంత్రం బురదతో తిరిగొస్తారు, సోమవారం నాకు ఉత్తరం రాస్తారు: "సార్, బండికి దమ్ము చాలట్లేదు, తక్కువ పైసల్లో పవర్ పెంచే మార్గం చెప్పండి." ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ అవే కాబట్టి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. రాణిగంజ్‌లో ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపులను పరీక్షించే బెంచీ ముందు కూర్చుని జుట్టు నెరిసినవాణ్ణి. కొలవకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అది జవాబుల్లో కనిపిస్తే ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నాది 2023 జిమ్నీ, మాన్యువల్. మొన్న వికారాబాద్ దగ్గర ఎర్రమట్టి గట్టు ఎక్కుతుంటే రెండుసార్లు సగంలో ఆగిపోయింది. 235/75 ఆర్15 టైర్లు, ఇనుప బంపర్, పైన క్యారియర్ పెట్టించాను. ఇప్పుడు రీమ్యాప్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కోన్ ఫిల్టర్ మూడూ కలిపి 45 వేలకు చేస్తామంటున్నారు. పెట్టమంటారా?
(పాఠకుడు, కొంపల్లి)

జవాబు: ముందు నాకు ఒక్క మాట చెప్పాల్సింది, మీరు రాయలేదు. గట్టు మీద ఆగినప్పుడు చక్రం తిరిగిందా, ఇంజన్ ఆగిందా? చక్రం గిర్రున తిరిగి మట్టి చిమ్మితే మీ ఇంజన్‌లో పవర్ ఉన్నట్టే, అది నేలకు అందట్లేదు. అక్కడ ఇంకో 10 హార్స్‌పవర్ కలిపితే ఇంకా లోతు గుంట తవ్వుతుంది, అంతే. చక్రం పట్టు ఉండగానే ఇంజన్ దడదడలాడి ఆగిపోతే అది గేరింగ్ (గేర్లు ఇంజన్ బలాన్ని ఎన్ని రెట్లు చేస్తాయన్నది) సంగతి. ఈ రెండింటికీ మందు వేరు. మీకు 45 వేల మందు రాసిచ్చినవాళ్లు ఈ ప్రశ్న అడిగారా?

రెండో సంగతి టైర్లు. జిమ్నీకి కంపెనీ ఇచ్చినవి 195/80 ఆర్15, వాటి ఎత్తు లెక్కేస్తే సుమారు 693 మిల్లీమీటర్లు. మీరు పెట్టినవి 733. అంటే దాదాపు 6 శాతం పెద్దవి. టైరు ఎంత పెరిగితే నేల మీద తోపు అంత తగ్గుతుంది. 134 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఇంజన్ ఇప్పుడు మీకు 127 ఇస్తున్నట్టు. బరువైన టైరును తిప్పడానికి పోయేది వేరే, బంపరూ క్యారియరూ లాగడానికి పోయేది వేరే. చేతులారా పోగొట్టుకున్నదాన్ని తిరిగి కొనుక్కోవడానికి 45 వేలు పెడుతున్నారు.

కొనుక్కున్నా వస్తుందా? జిమ్నీది 1462 సీసీ, టర్బో (గాలిని ఒత్తి నింపే ఫ్యాను) లేని పెట్రోల్ ఇంజన్. అది తనంతట తాను ఎంత గాలి పీల్చగలదో అంత ఇంధనమే కాల్చగలదు. రీమ్యాప్ అంటే కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం. గాలిని అది పెంచలేదు. టర్బో ఉంటే బూస్ట్ పెంచొచ్చు, ఇక్కడ పెంచడానికి ఏమీ లేదు. వచ్చే కాస్తా 5000 ఆర్‌పిఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) పైన వస్తుంది, మీరు గట్టు ఎక్కేది 2000 దగ్గర. ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌దీ అదే వరస. పైన ఒకటి రెండు హార్స్‌పవర్ వచ్చినా కింద టార్క్ తగ్గే అవకాశం ఉంది. చప్పుడు మాత్రం ఖాయం.

కోన్ ఫిల్టర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, దీంతో నష్టపోయేవాళ్లు చాలామంది. కంపెనీ ఎయిర్ బాక్స్ బయటి గాలిని పీల్చేలా గొట్టం పెట్టి ఉంటుంది. దాన్ని పీకేసి బానెట్ కింద కోన్ తగిలిస్తే ఇంజన్ తన వేడిగాలినే తాను పీలుస్తుంది. గాలి 20 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత 6 శాతం పైన పడిపోతుంది. టర్బో లేని ఇంజన్‌కు ఆ మేరకు పవర్ పోయినట్టే. మనం అసలే సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్నాం, ఇక్కడి గాలితోనే చెన్నైలో వచ్చే పవర్‌లో 5, 6 శాతం తక్కువ వస్తుంది. పైగా మన దుమ్ము. జాలీ వెడల్పుగా ఉన్న ఫిల్టర్ ఎక్కువ గాలి వదులుతుంది నిజమే, దాంతోపాటు ఇసుకనూ వదులుతుంది. ఆ ఇసుక పోయేది సిలిండర్ గోడల మీదికి. నీళ్లలో దిగితే కోన్ కిందికి ఉంటుంది కాబట్టి నీళ్లు మింగి కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం ఉండనే ఉంది.

ఉన్న ఫిల్టర్‌నే శుభ్రంగా ఉంచండి. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో దీన్ని పరీక్షించింది. ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా మారలేదు, కానీ కొత్తది వేస్తే వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం దాకా మెరుగుపడింది. కొన్ని వందల రూపాయల కాగితం ఫిల్టర్‌తో వచ్చేది అంత. ఏ రీమ్యాప్ ఇస్తుంది?

ఇక గట్టు ఎక్కే మార్గం. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, లీవర్ ఫోర్ లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ తోపు ఇచ్చే స్థానం)లో వెయ్యండి. జిమ్నీలో అది చక్రాల దగ్గర టార్క్‌ను రెండింతలు చేస్తుంది. థార్‌లో అయితే 2.48 రెట్లు. చాలామంది ఫోర్ హై (నాలుగు చక్రాలకూ మామూలు వేగం)లో ఊపు మీద ఎక్కాలని చూస్తారు, వీడియోల్లో అలాగే ఉంటుంది కదా! ఫోర్ లోలో మొదటి గేరో రెండో గేరో వేసి, యాక్సిలరేటర్ ఒకే తీరున పట్టండి. ఒక చక్రం జారితే కంప్యూటర్ దానికి బ్రేకు వేసి రెండోదానికి తోపు పంపుతుంది. మీరు కంగారుపడి కాలు తీసేస్తే ఆ పని జరగదు. మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి 18, 20 పిఎస్ఐకి దించండి. 15 కిందికి దించొద్దు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తిరిగి రోడ్డెక్కేముందు నింపుకోవడానికి బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ ఒకటి కొనండి, మూడు నాలుగు వేలల్లో మంచిదే దొరుకుతుంది. మీ 45 వేలల్లో నేను ఖర్చు పెట్టమనేది ఇంతే. క్యారియర్ ఊరికి వెళ్లినప్పుడు పెట్టుకోండి, మిగతా రోజులు విప్పేయండి.

ఒక మాట: అనంతగిరి అడవిలోకి అనుమతి లేకుండా బండి దించకండి. అటవీశాఖవాళ్లు పట్టుకుంటే అది పవర్‌తో తీరే సమస్య కాదు.

ప్రశ్న: మాది 2021 థార్ పెట్రోల్ ఆటోమేటిక్. ఎండాకాలం పిల్లలతో, సామానుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మందకొడిగా అనిపిస్తుంది. మా మరిది 100 ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తే పవర్ పెరుగుతుందంటాడు. ఇంకొకరు పెడల్ బాక్స్ పెట్టించమన్నారు. ఏది మేలు?
(పాఠకురాలు, హబ్సిగూడ)

జవాబు: మీ మరిది చెప్పినదాంట్లో పావు వంతు నిజం ఉందమ్మా. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లోని బలం కాదు, ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం. మీ 2 లీటర్ల ఇంజన్‌కు టర్బో ఉంది. ఎండలో, బరువుతో, ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో వేడి పెరిగి నాకింగ్ మొదలైతే దాని సెన్సార్ పసిగట్టి నిప్పురవ్వను వెనక్కి జరుపుతుంది. అప్పుడు పవర్ కొంచెం తగ్గుతుంది. ఎక్కువ ఆక్టేన్ పోస్తే ఆ తగ్గేది తగ్గకుండా ఉండొచ్చు. కంపెనీ చెప్పిన 150 హార్స్‌పవర్ 160 మాత్రం కాదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక మామూలు పెట్రోల్ ఆక్టేన్ కూడా ఎలాగూ పెరిగింది. ఘాట్ ఎక్కే ఒక్కరోజు కోసం 100కు అంత ధర పెట్టడం దండగ. రోజూ ఆఫీసుకు వెళ్లే ట్యాంకులో అయితే అసలే వద్దు.

పెడల్ బాక్స్ పవర్ ఇవ్వదు. మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు కంప్యూటర్‌కు చెబుతుంది. అది మీ కాలు చేసే పనే. ఫోర్ లోలో రాళ్ల మీద నెమ్మదిగా నడిపేటప్పుడైతే ఆ తొందర పనికిరాదు కూడా. ఘాట్‌లో గేర్ లీవర్‌ను మాన్యువల్‌కు మార్చి కింది గేరులో ఉంచండి, టర్బో నిద్రపోకుండా ఉంటుంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ముందు బురద, కీటకాలు పేరుకుని ఉంటే నీళ్లతో మెల్లగా కడిగించండి. దగ్గర నుంచి ప్రెషర్ గన్ కొట్టనీయొద్దు, రెక్కలు వంగిపోతాయి.

ప్రశ్న: 2013 థార్ సీఆర్‌డీఈ. మొదట్లో రెండో గేరులో బర్రున లాగేది. ఇప్పుడు 2000 దాటేదాకా కదలదు, తొక్కితే నల్లపొగ. ట్యూనింగ్ బాక్స్ పెడితే 105 హార్స్‌పవర్ 130 అవుతుందట, 18 వేలు. పెట్టేయనా అన్నా?
(పాఠకుడు, నాగోల్)

జవాబు: ఆగు తమ్ముడూ. నీ ఉత్తరంలోనే జవాబుంది: "మొదట్లో లాగేది." పోయిన పవర్‌ను ముందు వెనక్కి తెచ్చుకోవాలి. ఆ ఇంజన్ 2498 సీసీ, దాని 247 న్యూటన్ మీటర్లు వచ్చేదే 1800 నుంచి 2000 మధ్య. నీకు సరిగ్గా అక్కడే ఏమీ లేదంటున్నావు. అంటే టర్బో గాలి ఇంజన్‌కు చేరట్లేదు. గాలి తక్కువై డీజిల్ మామూలుగా పడుతుంటే వచ్చేదే నల్లపొగ. ఇప్పుడు ట్యూనింగ్ బాక్స్ పెడితే అది ఏం చేస్తుందో తెలుసా? ఇంజెక్టర్లకు డీజిల్ అందించే రైల్ గొట్టంలో ప్రెషర్ కొలిచే సెన్సార్ చెప్పే అంకెను తగ్గించి చూపి, కంప్యూటర్‌తో ప్రెషర్ పెంచిస్తుంది. ఉన్న పొగ మీద ఇంకాస్త డీజిల్ కుమ్మరించడమే. పొగతో పాటు ఎగ్జాస్ట్ వేడీ పెరుగుతుంది. అది తగిలేది ముందు టర్బోకు, తర్వాత పిస్టన్ తలకు.

ఈ వరసలో చూపించు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి మానిఫోల్డ్‌కు పోయే రబ్బరు గొట్టాలు అన్నీ చేత్తో తడిమి చూడు. జిడ్డుగా నూనె పట్టిన చోట చీలిక ఉంటుంది. క్లిప్పుల దగ్గర మరీ ముఖ్యం. బయటికి కనపడకపోతే గొట్టాలకు గాలి ఎక్కించి సబ్బు నీళ్లు పోస్తే బుడగలు చెబుతాయి, పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టే. ఆ తర్వాత టర్బో యాక్చువేటర్‌కు పోయే సన్న గొట్టాలు. ఇన్నేళ్ల వేడికి అవి గట్టిపడి పగులుతాయి. మీటరు గొట్టం ఖరీదు ఎంతో అడగడానికే మొహమాటపడతావు.

గొట్టాలు బాగుంటే ఫిల్టర్లు, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు). ఈజీఆర్ వాల్వు మసితో తెరుచుకుని ఇరుక్కుపోతే కింది ఆర్‌పిఎంలో పొగ తిరిగి ఇంజన్‌లోకే పోతుంది, నీ లక్షణాలు దానికీ సరిపోతాయి. విప్పి కడిగించు. రేకు ముక్క పెట్టి మూసేస్తామంటే ఒప్పుకోకు, అది పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం. చివరికి ఇంజెక్టర్లు. నాలుగింటి రిటర్న్ పైపులూ తీసి నాలుగు చిన్న సీసాల్లో పెట్టి ఇంజన్ నడిపించాలి. ఏ సీసా తొందరగా నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి. దీన్ని చేయకుండానే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలనే షాపు నుంచి బండి వెనక్కి తెచ్చుకో.

బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ పోర్టుకు పెట్టే బ్లూటూత్ ముక్క దొరుకుతుంది, వెయ్యి రూపాయలు అటూ ఇటూ. నీ బండి కంప్యూటర్‌తో అది మాట్లాడగలిగితే బూస్ట్ ఎంత వస్తుందో నడుస్తుండగా ఫోన్‌లో కనిపిస్తుంది. అంతా బాగై, క్లచ్ కూడా జారకుండా ఉండి, అప్పటికీ చాలలేదనిపిస్తే రీమ్యాప్ మాట మాట్లాడుకుందాం. టర్బో డీజిల్‌కు రీమ్యాప్ పనిచేయదని నేను అనను, పనిచేస్తుంది. రోగం ఉన్న ఇంజన్‌కు చేయొద్దంటాను. చేయించే ముందు ఖాళీ జాగాలో మూడో గేరులో 20 నుంచి 60 దాకా అందుకోవడానికి ఎంతసేపు పడుతోందో స్పీడోమీటర్‌ను ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకో, చేయించాక మళ్లీ తీయి. అమ్మేవాడి మాట కంటే నీ ఫోన్ గడియారం నయం.

ప్రశ్న: 2004 జిప్సీ కింగ్ కొన్నాను. ఇంజన్ చాలా నీరసం. తీసేసి టర్బో డీజిల్ ఇంజన్ వేయించుకుంటే లక్షలోపే అయిపోతుందని మెకానిక్ అంటున్నాడు. కాగితాలు తర్వాత చూసుకోవచ్చట.
(పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: కాగితాలే ముందు చూసుకోవాలి సార్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే ఆర్‌టీఏ అనుమతి ముందే తీసుకోవాలి. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఆ ఇంజన్ నంబర్ చూసి ఏమంటుందో ఊహించుకోండి. పైగా డీజిల్ ఇంజన్ బరువు ముందు కూర్చుంటే జిప్సీ జిప్సీలా ఉండదు. బురదలో ముక్కు దిగేస్తుంది. జిప్సీని అందరూ ఇష్టపడేదే తేలికతనానికి.

ఇంకో సంగతి, జిప్సీ నీరసం కాదు, దాని తీరు వేరు. మీది ఎంపీఎఫ్ఐ 1300 సీసీ. 80 హార్స్‌పవర్ వచ్చేది 6000 దగ్గర, టార్క్ శిఖరం 4500 దగ్గర. డీజిల్ జీపు నడిపిన చేత్తో 1800 దగ్గర గేరు మారుస్తుంటే అది ఏడుస్తుంది. 3500 పైన ఉంచి నడిపి చూడండి. అప్పటికీ లాగకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజన్ వేడి మీద, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడాలి. నాలుగింటి మధ్య తేడా 10 శాతం దాటితే అనుమానించాలి. తక్కువ ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఇది తెలియకుండా హెడ్డు దించేవాడు మెకానిక్ కాదు. ట్యాపెట్ క్లియరెన్స్, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో, ప్లగ్గు వైర్లు, పెట్రోల్ పంపు ప్రెషర్ చూపించండి. ఇరవై ఏళ్ల పెట్రోల్ గొట్టాలను మాత్రం పరీక్షించకుండానే మార్చేయండి, ఆ కాలపు రబ్బరు ఇథనాల్ కోసం చేసింది కాదు.

ఇవన్నీ చేసి, పెద్ద టైర్లు కూడా వేసి ఉంటే అప్పుడు క్రౌన్ పినియన్ (యాక్సిల్‌లోని చివరి గేరు జత) నిష్పత్తి మార్చుకోవడం గురించి ఆలోచించవచ్చు. బురదకూ గట్టుకూ నాకు తెలిసిన నిజమైన మందు అదే, ఖర్చూ ఉంది. ముందూ వెనకా రెండు యాక్సిళ్లలోనూ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒకదాంట్లో మార్చి ఇంకోటి వదిలేస్తే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు తోపు పంచే గేరు పెట్టె) నలుగుతుంది. ఇది కూడా మార్పే కాబట్టి ఆర్‌టీఏలో అడిగాకే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 'ఎలక్ట్రిక్ టర్బో' 1,800కు వస్తోంది. ఎయిర్ పైపులో బిగిస్తే చాలట. నిజమా?
(పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: 2 లీటర్ల ఇంజన్ 3000 ఆర్‌పిఎంలో నిమిషానికి దాదాపు 3000 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ చిన్న ఫ్యాను అంతకంటే ఎక్కువ గాలిని, అదీ ఒత్తిడి మీద తోయాలి. తోయలేదు. దారికి అడ్డం మాత్రం పడుతుంది. ఒక రెక్క విరిగితే పోయేది ఇంజన్‌లోకి.

ప్రశ్న: అన్నా నమస్తె. మా నాయిన కాలం నాటి మహీంద్రా 540 ఉంది. పొలం కాడికి, అప్పుడప్పుడు పిల్లలతోని గుట్టల మీదికి పోతం. లోడు మీద ఎక్కుతలేదు. మా ఊరి మెకానిక్ పంపు స్క్రూ కొద్దిగ తిప్పితె దమ్ము పెరుగుతదన్నడు. ఐదు వందలల్ల అయితదట. తిప్పిచ్చుకోనా?
(పాఠకుడు, చేవెళ్ల)

జవాబు: ఈ ఉత్తరం కోసమే నేను ఎదురుచూస్తుంటాను. ఆ స్క్రూ తిప్పితే దమ్ము పెరిగేది నిజమే అన్నా, నీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు. అది ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ పోవాలో నిలబెట్టే స్క్రూ. కంపెనీ దానికి వైరు గుచ్చి సీలు ఎందుకు వేస్తుందో మాత్రం అతను చెప్పలేదు.

కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. నిజం ఇంజన్‌లో గాలీ డీజిలూ అంత బాగా కలవవు కాబట్టి ఇంకా ఎక్కువే కావాలి, లేకపోతే నల్లపొగ. నీ బండిలో ఉన్నది ప్యూజో వాళ్ల 2112 సీసీ ఇంజన్ అయితే దానికి టర్బో లేదు, గాలి పెరగదు. స్క్రూ పావు చుట్టు తిప్పితే మొదటి రోజు బాగా లాగినట్టే ఉంటుంది. ఎక్కువైన డీజిల్ ఆలస్యంగా కాలి పిస్టన్ తలనూ, ప్రీ ఛాంబర్‌నూ, ఎగ్జాస్ట్ వాల్వునూ కాలుస్తుంది. మిగిలింది సిలిండర్ గోడల మీద నూనె పొరను కడిగి, ఆయిల్ సంపులోకి దిగుతుంది. మా బెంచీ మీదికి వచ్చిన పంపుల్లో సీలు తెగినవి చూస్తే, ఆ బండి సిలిండర్ బోరు పని కూడా దగ్గర్లోనే ఉందని అర్థమయ్యేది.

సరే, ఏం చేయాలి? ముందు పొగ రంగు చూడు. తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ కళ్లు మండేలా వచ్చి, వేడెక్కాక తగ్గితే హీటర్ ప్లగ్గులు గానీ టైమింగ్ గానీ. నీలంగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, దానికి పంపుతో సంబంధం లేదు. నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మూతులు). పొగే లేకుండా నీరసంగా ఉంటే డీజిల్ అందట్లేదు: ఫిల్టర్, ఫీడ్ పంపు, ఎక్కడో గాలి పట్టడం. పల్లెల్లో పాత జీపులకు సగం ఈ చివరిదే. ట్యాంకు నుంచి వచ్చే పైపు యూనియన్ దగ్గర సన్నగా గాలి పీలుస్తుంది, డీజిల్ బయటికి కారదు కాబట్టి ఎవరికీ కనిపించదు. ఫిల్టర్ నుంచి పంపుకు పోయే చోట ఒక ముక్క పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం పెట్టి చూస్తే బుడగలు తెలుస్తాయి.

యాక్సిలరేటర్ రాడ్డు కూడా చూడు. అరిగి, వంగి, తొక్కినప్పుడు పంపు మీది లీవర్ చివరిదాకా పోకుండా ఉండే బండ్లు ఎన్నో. ఒకరిని పూర్తిగా తొక్కమని, నువ్వు బానెట్ ఎత్తి లీవర్ దాని స్టాపర్‌కు తగులుతోందో లేదో చూడు. తగలకపోతే నట్టు బిగిస్తే చాలు. పైసా ఖర్చు లేదు, సీలు తెగదు.

ఇవన్నీ బాగుంటే నాజిళ్లు విప్పి చేతి టెస్టర్ మీద పెట్టించు. చుక్కలు కారకుండా, సన్నగా, ఒక్కసారిగా కొట్టాలి. తెరుచుకునే ఒత్తిడి తగ్గి ఉంటే వాషరు వేసి సరిచేస్తారు. అప్పటికీ లాగకపోతే పంపు విప్పి బెంచీ మీదికి తేవాలి. మేం ఇప్పటికీ వాటిని మైకో పంపులు అనే అంటాం, కంపెనీ పేరు 2008లోనే బాష్ అయినా. బెంచీ మీద పంపును తిప్పుతూ ఒక్కో సిలిండర్‌కు పోయే డీజిల్‌ను గీతలున్న గాజు గొట్టాల్లో పట్టి కొలుస్తాం. నాలుగు గొట్టాల్లో మట్టం ఒకేలా లేకపోతే ఇంజన్ ఒక కాలు కుంటినట్టే. ఎక్కువ పోసేదాన్ని తగ్గించి, తక్కువదాన్ని పెంచి సమానం చేస్తే, మొత్తం డీజిల్ ఒక్క చుక్క పెరగకపోయినా బండి లాగుతుంది. స్క్రూ తిప్పితే మాత్రం కుంటి కాలుతో సహా అన్నింటికీ ఒకేసారి పెరుగుతుంది. ఊరి మెకానిక్‌కు కనిపించని తేడా ఇదే, అతని దగ్గర గాజు గొట్టం లేదు కదా. పంపు తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో దగ్గరుండి చూసుకో. ముందుకు పోతే ఇంజన్ సుత్తి కొట్టినట్టు మోగుతుంది, వెనక్కి పోతే వేడెక్కి నీరసిస్తుంది.

క్యాలిబ్రేషన్‌కు ఐదు వందలు చాలవు, అరిగిన సామాను బట్టి వేలల్లోకి పోతుంది. ముందే అడిగి, పాత ముక్కలు వెనక్కి ఇమ్మను. పంపు పని జరిగే రెండు రోజుల్లో నువ్వు ఖాళీగా కూర్చోకుండా ట్యాంకు దించి కడిగించు, కొత్త ఫిల్టర్ వేయించు. ఆ వయసు ట్యాంకు అడుగున తుప్పూ నీళ్లూ చేరి ఉంటాయి. లేకపోతే సెట్ చేసిన పంపులోకి మొదటి రోజే అవే పోతాయి.